పదిహేడో గడిలో అగ్నిపర్వతం

మా పిట్టలరేవు గాలి సంగతి చెబితే మీరు నమ్మరు. అయినా ఉన్నదే చెబుతాను. నా చిన్నప్పటి తుపానులో గాలి మా నూతిలోని నీళ్లన్నీ ఒక్క ఊపున ఎత్తి, పక్కూరి కరణంగారి నూతిలో పోసింది, చేదతో సహా. చేద తిరిగిచ్చారు గాని, నీళ్ల మాట ఎత్తితే ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ ముఖం పక్కకు తిప్పుకుంటారు.

అలాంటి ఊరు కనక ప్రభుత్వం వారు మా ఊళ్లో వాన కొలిచే పాత్ర ఒకటి పాతించి, దాన్ని చూసుకోమని నన్ను పెట్టారు. పొద్దున్న ఎనిమిదిన్నరకు పాత్రలో నీళ్లు గాజు గొట్టంలో పోసి గీత చూడాలి. గోడకున్న పీడన యంత్రంలో ముల్లు ఎక్కడుందో చూడాలి. తొమ్మిదికి పోస్టాఫీసు ఫోనులో ప్రాంతీయ వాతావరణ ముందుచూపు కార్యాలయానికి చెప్పాలి. ఇరవై రెండేళ్లు చెప్పాను. ఒక్కనాడూ అబద్ధం చెప్పలేదు. నేను చెప్పిన దాంట్లో తప్పుందని ఎవరూ అనలేదు. ఎవరైనా విన్నట్టు కూడా దాఖలా లేదు.

ఇలా ఉండగా ఆ కార్యాలయానికి పరాంకుశరావు గారు ఉప సంచాలకులుగా వచ్చారు. రాగానే ప్రభుత్వం వారు ఆయన్ని ఎక్కడో ద్వీపాల దేశానికి పదిహేను రోజుల శిక్షణకు పంపారు. అక్కడ వాతావరణ శాఖ బ్రహ్మాండంగా పనిచేస్తోందట. మన శాఖ కూడా అలా పనిచేయాలంటే ఏం కావాలా అని ఆయన అక్కడ బాగా ఆలోచించి, చివరికి వాళ్ల ఫారం ఒకటి తెచ్చారు.

ఆ ఫారంలో ఇరవై రెండు గడులు. వాన, గాలి, తేమ, పీడనం, అలల ఎత్తు, అన్నీ నాకు తెలిసినవే. పదిహేడో గడి దగ్గర ఆగిపోయాను. "అగ్నిపర్వత క్రియాశీలత" అని ఉంది. ఆ దేశంలో దీవికో అగ్నిపర్వతం ఉందట. మన దగ్గర లేవు కదా అని నేను "లేదు" అని రాసి పంపాను.

మూడో రోజున ఫారం తిరిగొచ్చింది. ఎర్ర సిరాతో ఇలా రాశారు: "లేదు అని నమోదు చేయు సందర్భములో, లేదని నిర్ధారించు అగ్నిపర్వత నిపుణుని ధ్రువపత్రము జతపరచవలెను. ఏ గడియు ఖాళీగా ఉంచరాదు. అసంపూర్ణ సమాచారము ఆధారముగా ఏ సూచనయు జారీ చేయబడదు."

నిపుణుడి కోసం వాకబు చేశాను. రాష్ట్రంలో అగ్నిపర్వతం లేదు కాబట్టి నిపుణుడూ లేడట. నిపుణుడు లేడు కాబట్టి అగ్నిపర్వతం లేదని చెప్పేవాడు లేడు. మొత్తానికి పదకొండు రోజులు రేడియోలో మా ప్రాంతం వంతు వచ్చేసరికి "పిట్టలరేవు, సమాచారం అసంపూర్ణం" అని చదివి పక్క ఊరికి వెళ్లిపోయారు. ఆ పదకొండు రోజుల్లో మా ఊళ్లో నాలుగు వానలు పడ్డాయి. అవన్నీ అనుమతి లేకుండా పడ్డ వానలే.

నవ్వుకుని ఊరుకునే సంగతి కాదు అది. సముద్రం అంచున ఇసకపేట ఉంది. నలభై తాటాకు ఇళ్లు, అంతా వేట మీద బతికేవాళ్లు. ఆ పేట పెద్ద ఎర్రయ్య మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"బావా, రేడియోలో మనూరు ఊసెత్తడం మానీసినారు. యాటకెల్లాలా, మానాలా?"

"నా ఫారంలో ఒక గడి నిండలేదురా."

"ఏ గడి?"

"అగ్నిపర్వతం."

ఎర్రయ్య ఊరి చుట్టూ ఓసారి కలయజూశాడు. "మనకి నేదు కదేటి?"

"లేదని రాయడానికి కాగితం కావాలి."

"ఉందని రాయడానికో?"

నేను సర్క్యులరు మళ్లీ చదివాను. ఉందని రాయడానికి ఏ కాగితమూ అక్కరలేదు. కింద ఒక అనుబంధం ఉంది, అందులో ప్రశ్నలకు జవాబులు రాస్తే చాలు. కాని నేను అబద్ధం రాయను కదా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్న వానపాత్ర దగ్గర నిలబడి తలెత్తితే గొర్రెమెట్ట మీద పొగ కనిపించింది.

గొర్రెమెట్ట మా ఊరి వెనకున్న చిన్న గుట్ట. దాని నెత్తిన దాలమ్మ జీడిపిక్కలు కాల్చే బట్టీ ఉంది. దాలమ్మ వరసకు నాకు మరదలు. ఆమె భర్త పోయాక, ఆ బట్టీ మీద తను బతుకుతూ మరో పదకొండు మంది ఆడవాళ్లను బతికిస్తోంది. నేను అనుబంధం ముందేసుకుని, గుట్ట వైపు చూస్తూ, ఉన్నది ఉన్నట్టు నింపాను.

"కొండ శిఖరమున పొగ కలదా?" కలదు.

"పొగకు వాసన కలదా?" ఘాటుగా కలదు. కళ్ల వెంట నీళ్లు కారును.

"రాళ్లు ఎగసిపడుచున్నవా?" రాళ్లు కావు. పిక్కలంత ఉన్నవి. టపటపమని ఎగిరిపడుచున్నవి.

"ద్రవము స్రవించుచున్నదా? దాని స్వభావము?" నల్లగా, జిగటగా ఉండును. ఒంటి మీద పడితే బొబ్బలెక్కును. నిజానికి అది జీడినూనె. పిక్కల తొక్కలోంచి కారేది. ఏ ద్రవమో వాళ్లు అడగలేదు కనక నేను రాయలేదు. నేను చేసిన తప్పు అదొక్కటే.

ఆ జవాబులు తొమ్మిదింటి ఫోనులో చదివాను, ఆ సాయంత్రమే రేడియోలో మా ఊరి సూచన వచ్చింది. ఎర్రయ్య ఇంట్లోంచి నాకు చేపలొచ్చాయి. నాలుగో రోజున పరాంకుశరావు గారే జీపులో వచ్చారు.

గుట్ట ఎక్కేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది గాని ముఖం వెలిగిపోతోంది. దాలమ్మ డ్రమ్ము తిప్పుతోంది. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. ఆయన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఉష్ణమాపిని డ్రమ్ము దగ్గరకు చాపి, గబుక్కున లాక్కున్నారు.

"అద్భుతం. అమ్మా, తమరు ఇక్కడ ఏ హోదాలో ఉన్నారు?"

"హోదా ఏటి బాబూ, పిక్కలు కాల్సుకుంతన్నాను."

"అగ్నిపర్వతం మీద వంటా?"

"అగ్గి పర్వతమేటి? ఇది నా బట్టీ. మా ఆయన కట్టినాడు. ఈ డ్రమ్ము నాను కొన్నాను."

పరాంకుశరావు గారు ఎంతో ఓర్పుగా నవ్వారు. "బట్టీ అనేది మీ అభిప్రాయం. మీ అభిప్రాయాన్ని గౌరవిస్తాను. రికార్డులో మాత్రం ఇది అగ్నిపర్వతంగా నమోదైంది. అగ్నిపర్వత ముఖద్వారం నుంచి అరమైలు లోపు ఎవరూ నివసించడం గాని వృత్తి చేయడం గాని కూడదు. ఏడు రోజుల్లో ఖాళీ చేయవలసిందిగా కోరడమైనది."

దాలమ్మ నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు అప్పుడప్పుడు అన్నం తింటుంటే గుర్తొస్తుంటుంది. "నువ్వేటి రాసినావు బావా?"

చెప్పాను. అంతా విని, "నిజాలే రాసినావు. సచ్చినోడా, ఒక్క నిజం తక్కువ రాసినావు" అంది.

మర్నాడే బయల్దేరి ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లాను. అది జీడి బట్టీ అనీ, నా వల్ల పొరపాటు జరిగిందనీ, అగ్నిపర్వతాన్ని కొట్టివేయమనీ అర్జీ పెట్టుకున్నాను. పరాంకుశరావు గారు ఫ్యాను వేయించి, కుర్చీ చూపించి, దయగా మాట్లాడారు.

"నీలకంఠం గారూ, కొట్టివేతకు విధానం ఉంది. ఆ దేశం వారి నియమావళి ప్రకారం పదివేల సంవత్సరాలు నిరంతరాయంగా పొగ రాకపోతే అగ్నిపర్వతం ఆరిపోయినట్టు పరిగణిస్తారు. ఆ గడువు తీరిన వెంటనే మీరు మళ్లీ దరఖాస్తు చేసుకోండి. ప్రాధాన్యం ఇస్తాం."

ఈ మాట దాలమ్మకు చెబితే, "అప్పటికి నాకు నడుం నొప్పి ఎక్కువైపోద్ది" అని మాత్రం అంది. ఏడో రోజు దాకా ఆగకుండా ఆ పూటే నిప్పు ఆర్పేసి, గుట్ట దిగి ఇంట్లో కూర్చుంది. పదకొండు మంది ఆడవాళ్లు మా అరుగు మీద కూర్చున్నారు. ఆ వారం ఆ ఆడవాళ్లలో ఒక్కరూ నాతో మాట్లాడలేదు.

పొగ ఆగింది. నేను తొమ్మిదింటికి ఫోను చేసి, పదిహేడో గడిలో "లేదు" అని చెప్పాను. పది గంటలకు జీపు వచ్చేసింది.

"కొండ ఎందుకు నిశ్శబ్దంగా ఉంది?" పరాంకుశరావు గారికి చెమటలు పట్టాయి. "పైవాళ్లు మొన్ననే మన అగ్నిపర్వత విభాగాన్ని మంజూరు చేశారు. సైరన్ వస్తోంది. నేరుగా మాట్లాడే ఫోను లైను వస్తోంది. బోర్డులు వచ్చేశాయి. ఇలాంటి సమయంలో క్రియాశీలత లేకపోతే ఎలా?"

"దాలమ్మకు మీరు నోటీసు ఇచ్చారు కదా సార్."

"నోటీసుకూ నిప్పుకూ సంబంధం ఏమిటి?"

సంబంధం దాలమ్మ చెప్పింది. గడపలో కూర్చుని, చేతులకు నూనె రాసుకుంటూ చెప్పింది. "బాబూ, మీ కొండకి పొగ కావాలంతే నా నోటీసు సింపీయండి."

"రద్దు చేసే అధికారం నాకు లేదమ్మా. నిలుపుదల చేయగలను. ఉదయం పరిశీలన సమయంలో పొగ కనిపించిన రోజు నోటీసు అమలు ఆ రోజుకు నిలుపుదల. కనిపించని రోజు నోటీసు తనంతట తాను అమల్లోకి వస్తుంది."

"అంతే నాను రోజూ పేలాలన్నమాట."

"మితంగా" అన్నారాయన. "మధ్యరకం క్రియాశీలత చాలు."

అలా ఒప్పందం కుదిరింది. రోజూ ఎనిమిదిన్నరకు గొర్రెమెట్ట మీద పొగ లేవడం, నేను గడి నింపడం, ఊరికి సూచన రావడం, దాలమ్మ బట్టీ ఆ పూటకు నిలవడం. గుట్ట కింద "అగ్నిపర్వతము, సమీపించరాదు" అని బోర్డు పెట్టారు. దాలమ్మ దాని మీద గోనెలు ఆరేసేది. మా అరుగు మీద ఎర్ర డబ్బాలో సైరన్ బిగించారు. పేలుడు కబురుకు తప్ప వాడకూడదంటూ నేరు లైను ఫోను నా మంచం పక్కనే పెట్టారు. ఒక పుస్తకం కూడా ఇచ్చారు, "విస్ఫోటన సమయమున అనుసరించవలసిన విధానము" అని. అది ఆ ద్వీపాల దేశం వారి పుస్తకానికి మక్కీకి మక్కీ తెలుగు. ఎవరూ అందులో ఒక్క అక్షరం మార్చలేదు. ఆ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

వానాకాలమంతా దాలమ్మ గొడుగు పట్టుకుని అగ్నిపర్వతం నడిపింది.

కార్తీకంలో ఒక పొద్దున లేచి చూస్తే పీడనం ముల్లు, నా ఇరవై రెండేళ్లలో ఎన్నడూ పోని చోటికి పోయింది. సముద్రం మోత మారింది. ఎప్పుడూ వచ్చి పోయే మోత కాదు, బరువైన గానుగ ఆగకుండా తిరుగుతున్నట్టు ఒకటే మోత. ఈశాన్యం గాలి. తెల్లవారుజాము నుంచీ కుండపోత. గుట్ట మీద పొగ లేదు. ఎనిమిదిన్నర అయింది, అప్పుడూ లేదు. తడి కట్టెలు, తడి గోనెలు. దాలమ్మ చేతనైనంత ఊదింది గాని నిప్పు అంటుకోలేదు.

తొమ్మిదికి పోస్టాఫీసు నుంచి ఫోను చేశాను. పరాంకుశరావు గారే తీశారు.

"సార్, పీడనం బాగా పడిపోయింది. పొద్దు వాలేలోపు తుపాను మా మీదికే వచ్చేటట్టుంది. హెచ్చరిక ఇవ్వండి. మండలాఫీసు వాళ్లు తుపాను షెల్టరు తాళం తీస్తే ఇసకపేట వాళ్లను ఎక్కించేస్తాం."

"గడులవారీగా చెప్పండి."

చెప్పాను. పదహారు గడులు చెప్పాను.

"పదిహేడు?"

"వాన పడుతోంది సార్. పొగ లేదు."

"లేదా? ధ్రువపత్రం?"

"సార్, నలభై ఇళ్లు. తాటాకు ఇళ్లు."

చెడ్డమనిషి కాదాయన. "నీలకంఠం గారూ, నాకూ బాధగానే ఉంది. కాని అసంపూర్ణ సమాచారంతో తుపాను హెచ్చరిక జారీ చేస్తే రేపు ప్రతివాడూ అసంపూర్ణంగానే పంపుతాడు. ధ్రువపత్రం పంపండి, తక్షణం జారీ చేస్తాను. అన్నట్టు, దాలమ్మగారి నోటీసు ఇవాళ్టి నుంచి అమల్లోకి వచ్చినట్టు ఆవిడకు తెలియజేయగలరు."

మండలాఫీసుకు ఫోను చేశాను. హెచ్చరిక కాగితం వస్తే గాని తాళం తీయమన్నారు. వాళ్లకూ నియమమే. గొడుగు పోస్టాఫీసు గుమ్మంలోనే ఎగిరిపోతే, తడుస్తూ గుట్ట ఎక్కాను.

దాలమ్మ రేకుల కింద గోనెల మీద టార్పాలిను కప్పుతోంది. ఏడాది సరుకు అది. పిక్కలు ఒక పక్క, పొయ్యిలోకి దాచుకున్న తొక్క ఒక పక్క, జీడినూనె పీపాలు రెండు; ఈ గాలిలో వీటిని ముట్టిస్తే సరుకంతా అంటుకుంటుందని పొద్దున్న వాటి జోలికి పోలేదు. సంగతంతా చెప్పాను. నోటీసు మాట కూడా చెప్పాను.

"అయితే రేపట్నుంచి నాకు బట్టీ నేదు" అంది. టార్పాలిను అంచు మీద రాయి పెడుతూ ఆగింది. "బావా, ఆ పుస్తకంలో ఏటుంది? కొండ పేల్తే ఏటి సెయ్యాలని రాసినారు?"

పుస్తకం నా నడుముకు గుడ్డలో కట్టుకుని ఉంది. తీసి చదివాను. "విస్ఫోటనము కనబడిన తక్షణము పరిశీలకుడు సైరన్ మోగించి నేరు లైనున తెలుపవలెను. సురక్షిత భవనముల తాళములన్నియు తెరవవలెను. అయిదు కిలోమీటర్ల లోపలి జనమును తరలించవలెను. కాగితములు తరువాత."

"తరవాతా?"

"తరువాత అనే ఉంది." ఆ దేశంవాళ్లకు అగ్నిపర్వతం నిజంగా ఉంది కదా, అందుకని అలా రాసుకున్నారు. మనవాళ్లు అలాగే దించారు.

దాలమ్మ ఇసకపేట వైపు చూసింది. వానలో ఏమీ కనిపించడం లేదు. "నువ్వు అబద్దం రాయవు కదా."

"రాయను."

"అయితే పేల్సీవలిసిందే." టార్పాలిను లాగేసింది. "ఎల్లు, కిందకెల్లి నిలబడు. నీకు కళ్లు మండుతాయి. మల్లీ అది కూడా రాస్తావు."

"దాలమ్మా, ఏడాది సరుకు."

"సరుకు మల్లీ దొరుకుద్ది. ఎల్లెహె."

నేను గుట్ట దిగి మా అరుగు చేరి వెనక్కి తిరిగానో లేదో, పదకొండు మంది ఆడవాళ్లూ రేకులు విప్పి గాలికి అడ్డం పట్టుకోవడం కనిపించింది. నూనె పీపాలు తొక్క మీద ఒంపినట్టున్నారు. జీడినూనె అంటుకుంటే వాన దాన్ని ఆర్పలేదు. ముందు పొగ లేచింది, నల్లగా, గాలి వంచుతున్నా వంగకుండా. వెనకే మంట. మూత బిగించిన డ్రమ్ములో పిక్కలన్నీ ఒక్కసారి పేలేసరికి ఆ మూత రివ్వున ఆకాశంలోకి పోయింది. నేను చూస్తూనే ఉన్నాను, మబ్బులోకి దూరింది, కిందికి మాత్రం రాలేదు.

నేరు లైను తీశాను. "సార్, పదిహేడో గడి. పొగ కలదు. మంట కలదు. కొండ మూత ఎగిరిపోయినది."

పరాంకుశరావు గారు కాగితం లాక్కున్న చప్పుడైంది. "ఎంత ఎత్తు?"

"ఇంకా వెళుతోంది సార్."

సైరన్ నొక్కాను. ఆ తరవాత జరిగినంత చురుకుగా ప్రభుత్వం పనిచేయడం నేను మళ్లీ చూడలేదు. అరగంటలో షెల్టరు తాళం తీశారు. గంటలో మూడు లారీలు వచ్చాయి. ఇసకపేట వాళ్లు ముసలివాళ్లను, మేకలను, వలలను, రేడియోలను లారీలెక్కించారు. ఎర్రయ్య చివర్న ఎక్కుతూ, "బావా, ఏటి పేలినాదో నాకు తెల్దు గాని, తలుపు తీసినారు" అన్నాడు. దాలమ్మా, పదకొండు మంది ఆడవాళ్లూ మసి కారుతూ నడిచొచ్చారు.

పొద్దు వాలుతుండగా తుపాను వచ్చింది. హెచ్చరిక లేదు కాబట్టి అది మొహమాటపడి వెనక్కి పోలేదు. మర్నాడు షెల్టరు దిగి చూస్తే ఇసకపేటలో నలభై ఇళ్లకు మూడు మిగిలాయి. మనుషులు మాత్రం అందరూ ఉన్నారు. మేకల్లో ఒకటి తగ్గిందనుకున్నాం. అది మా పోస్టాఫీసు కప్పు మీద తాటాకు నములుతూ కనిపించింది.

వారానికి నివేదిక వచ్చింది. ఆ తేదీన తుపాను హెచ్చరిక జారీ కాలేదు కాబట్టి తుపాను సంభవించలేదు. అగ్నిపర్వతం పేలుడు వలన గాలి, వాన, ఉప్పెన వెలువడినవి. ప్రాణనష్టము లేదు. వానతో ఆరిన తొలి అగ్నిపర్వతంగా గొర్రెమెట్ట శాఖ చరిత్రలో నిలిచినది. పరాంకుశరావు గారికి శాలువా కప్పారు. ఇసకపేట వాళ్లకు ఇళ్లు మంజూరయ్యాయి, అగ్నిపర్వత బాధితుల పద్దు కింద. అవి పక్కా ఇళ్లు. లావాకు తట్టుకునేలా కట్టారు కాబట్టి గాలికి కూడా తట్టుకుంటున్నాయి.

దాలమ్మకు మాత్రం ఏమీ లేదు. గుట్ట నున్నగా ఉంది. బట్టీ గోడ లేదు, రేకులు లేవు, డ్రమ్ము లేదు. ఆమె ఆ బోడి నేల మీద కూర్చుంటే, పక్కన నేను కూర్చున్నాను. అప్పుడే గుట్ట కింద జీపు ఆగింది.

పరాంకుశరావు గారు ఆయాసపడుతూ వచ్చి, శాలువా సర్దుకుని, కాగితం తీసి నిలబడి చదివారు. "గొర్రెమెట్ట అగ్నిపర్వతము ముందస్తు అనుమతి లేకుండా ఆరిపోయి ఉన్నందున, పదిహేడవ గడి విషయమున తీవ్ర ఇబ్బంది ఏర్పడినది. కావున అగ్నిపర్వత పునరుద్ధరణ నిమిత్తము ఒక డ్రమ్ము, రేకుల కప్పు, ఇటుక గోడ, ఒక సంవత్సరమునకు సరిపడు జీడిపిక్కలు శాఖ ఖర్చున సమకూర్చబడును. అగ్నిపర్వత సంరక్షకురాలిగా శ్రీమతి దాలమ్మ నియమింపబడినారు. పాత నోటీసు ఇందుమూలముగా రద్దు, ఎందుకనగా అగ్నిపర్వతము తన స్వంత ఆవరణ ఖాళీ చేయుట సాధ్యము కాదు."

చదివి, గొంతు తగ్గించి, "అమ్మా, వీలైనంత త్వరగా" అన్నారు.

దాలమ్మ లేచి కొంగు దులుపుకుంది. "డ్రమ్ముకి మూత గట్టిది కావాల బాబూ" అంది.

ఆ పాత మూత మూడో నాడు పక్కూరి కరణంగారి నూతిలో దొరికింది. చేదలాగే అదీ తిరిగిచ్చారు. నీళ్ల మాట ఇంకా తేలలేదు.

నా వానపాత్ర కూడా ఆ గాలికి పోయింది. కొత్తది ఇమ్మని రాస్తే, ఆ రోజు ఎంత వాన పడిందో కొలిచి పంపితే పరిశీలిస్తామని జవాబు వచ్చింది. అందుకని ఇప్పుడు నా దగ్గర పీడనం ముల్లు ఒక్కటే ఉంది. అది పడిపోయిన రోజున నేను పోస్టాఫీసుకు పోను. తిన్నగా గుట్ట ఎక్కుతాను. దాలమ్మ వేడి పిక్క ఒకటి చితగ్గొట్టి, పప్పు నా చేతిలో పెట్టి అడుగుతుంది.

"తుపాను ఎప్పుడొస్తాదో నువ్వు సెప్పు బావా. కొండ ఎప్పుడు పేల్తాదో నాను సూసుకుంతాను."